తొమ్మిది వారాల అంకె

కొరూష్ ఊరి చివర మా కార్క్ ఫ్యాక్టరీ.
గోదాములో సీసా బిరడాల బస్తాలు,
సర్వర్ గదిలో ఫ్యాను రొద.
నలభై ఒక్క కంప్యూటర్లు మాకు.
అందులో ఒకటి బెరడు తూచే కాటా పక్కన
పాత విండోస్‌తో, దుమ్ము కప్పుకుని ఉంటుంది.
బరువు అడిగితే చెబుతుంది,
ఇంకేం అడిగినా పలకదు.

జనవరిలో పక్కూరి నూనె మిల్లుకి తాళం పడింది.
తలుపులకి కాదు, లెక్కలకి.
మూడు వారాలు పీపాల నిండా ఆలివ్ నూనె,
బిల్లు కొట్టే దారి లేదు.
మా యజమాని బెల్మీరు నన్ను పిలిచి
"ఏదో ఒకటి కొను, లియొనీల్డ్" అన్నాడు,
గొడుగు కొనమన్నంత తేలిగ్గా.

లిస్బన్ నుంచి ముగ్గురొచ్చారు, మూడు వేరువేరు రోజుల్లో.
మొదటివాడి తెర మీద ప్రపంచపటం,
దాని నిండా ఎర్రచుక్కలు,
అమ్మవారు పోసిన ఒళ్ళులా.
రెండో ఆవిడ "మా సాధనం నిద్రపోదు" అంది.
సరే, అది పోదు.
రాత్రి రెండింటికి అది లేపితే లేచేదెవరు?
ఇక్కడున్నది నేనొక్కదాన్నే.
ఇంట్లో పాపకి పళ్ళొస్తున్నాయి,
ఇప్పటికే ఒక అలారం నాకుంది.

మూడోవాడు తలకింత అన్నాడు.
కాటా పక్క ముసలిదాని తల లెక్కలోకి రాదట,
దాని వయసుకి వాళ్ళ దగ్గర మందు లేదట.
దొంగ దూరేది ఆ సందులోంచేనని అతనికీ తెలుసు,
కాఫీలో చక్కెర కలుపుతూ నవ్వాడు.
పైగా అన్ని గదుల తాళంచెవులూ కావాలి,
ప్రతి ఫైలూ తెరిచే హక్కు కావాలి.
కంచె నాటిస్తున్నానా, మేకని తోలుకొస్తున్నానా
అని కొటేషన్ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.

లెక్కల దెయొలిందా ముగ్గురినీ ఒక్కటే అడిగింది:
"శుక్రవారం ఐదింటికి, నేను కోటు వేసుకుంటుంటే,
బెల్మీరు పేరుతోనే మెయిల్ వస్తుంది.
ఖాతా నంబరు మారింది, వెంటనే డబ్బు పంపు అని.
అప్పుడు మీది నా చెయ్యి పట్టుకుంటుందా?"
మూడు రోజుల్లోనూ ఒకేలా
బ్రోషర్ తిరగేసిన చప్పుడు.

జూన్ వచ్చింది, బెరడు ఒలిచే కాలం.
గొడ్డలి ఎంత దిగాలో జెఫరీను మణికట్టుకి తెలుసు.
వేలెడు ఎక్కువైతే మానుకి గాయం,
తక్కువైతే బెరడు ఊడిరాదు.
ఒలిచిన ఎర్రటి మాను మీద
ఏడాది చివరి అంకె తెల్లరంగుతో వేస్తాడు.
ఇక తొమ్మిదేళ్ళు ఎవరూ దాని జోలికి పోరు.
"కొత్త గొడ్డలి కొనేప్పుడు ఏం చూస్తావు?" అన్నాను.
"పిడి" అన్నాడు.
"చెమట పట్టినా జారకూడదు.
పదును నేను పెట్టుకుంటాను."

ఆఖరికి కొన్నది చిన్నదే.
దానికి ప్రపంచపటం లేదు.
రోజుకొక్క కాగితం ఇస్తుంది,
పాపని ఒళ్ళో వేసుకుని చదవగలిగినంత.
కాటా కంప్యూటర్ తీగ నెట్‌వర్క్ నుంచి పీకేశాం,
బరువులిప్పుడు ఒక నోటుపుస్తకంలో నడిచి వస్తాయి.
లెక్కల నకళ్ళు రెండు డిస్కుల్లో,
ఒకటి బెల్మీరు చెల్లెలింట్లో, పిండి డబ్బా వెనక.

అక్టోబరులో ఒక ఆదివారం
ఖాళీ కంప్యూటర్ ముందేసుకుని
డిస్కులోంచి అంతా తిరిగి నింపి చూశాం.
పదకొండు గంటలు.
అన్నీ వచ్చాయి,
రెండువేల పదహారు ఎగుమతుల ఫోల్డర్ తప్ప.
ఎప్పుడు పోయిందో, ఎవరు చెరిపారో,
అసలు ఉండేదో లేదో.
ఆ ఖాళీని చూస్తూ కాసేపు కూర్చున్నాం.
తర్వాత జెఫరీను దగ్గర రంగు అడిగి తెచ్చి
డిస్కు వీపున తెల్లటి అంకె వేశాను.
తొమ్మిదేళ్ళు కాదు, తొమ్మిది వారాలు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రాల్లో
మెయిల్ వచ్చినా రాకపోయినా
దెయొలిందా ఫోన్ చేస్తుంది:
"గొంతు నీదేనా?"
అవతల బెల్మీరు విసుగు,
"కాక, నా దెయ్యానిదా?"
ఆ విసుగు విన్నాకే
ఆమె కోటు గుండీలు పెట్టుకుంటుంది.